అక్క పెళ్లికి గుర్రపుడెక్క పూలు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. ఆ తెలివంతా తరవాత ఎటు పోయిందో ఇప్పటికీ అర్థం కాదు గానీ, డిగ్రీ అయిపోయి, విజయవాడలో పెళ్లిళ్లకీ పుట్టినరోజులకీ అలంకరణ చేసే ఒక చిన్న ఆఫీసులో చేరిన కొత్తలో, లోకంలో అందమనేదాన్ని చూసుకునే బాధ్యత మొత్తం నాకే అప్పగించినట్టు తిరిగేదాన్ని. (నిజానికి అక్కడ నా పని బెలూన్లు ఊదడం, ఫోనెత్తడం, మేడమ్‌గారి టీ చల్లారకుండా మూత పెట్టడం.) అయినా ఇంటికొచ్చాక నా దర్జా వేరు. మా అమ్మ ఏదైనా చీర చూసి "ఊదా రంగు బాగుందే" అంటే, నేను జాలిగా నవ్వి, అది ఊదా కాదనీ, లావెండర్ అనీ, లావెండర్‌కీ లైలాక్‌కీ తేడా తెలియకుండా మనుషులు ఎలా బతుకుతున్నారో అర్థం కావడం లేదనీ చెప్పేదాన్ని. పాపం, మా అమ్మ వినేది. అప్పుడే ఒకటి తగిలించి ఉంటే నాకు ఇంత కథ ఉండేది కాదు.

సరిగ్గా ఆ కొత్త దర్జాలో ఉండగానే మా పెద్దమ్మ కూతురి పెళ్లి కుదిరింది. మా పెద్దమ్మ వాళ్లది ఉయ్యూరు దాటాక చెరుకు తోటల మధ్య కాలువ ఒడ్డునున్న ఊరు. ఆ ఊళ్లో మా గుడి చిన్నది. (విజయవాడలో చర్చి అంటాం గానీ అక్కడ గుడి అనే అంటారు.) ఆ గుడిలో పెళ్లి జరిగితే పూలు కొనే అలవాటు లేదు. ఎవరి పెరట్లో ఏది పూస్తే అది పొద్దున్నే పళ్లెంలోనో బేసిన్‌లోనో పెట్టుకుని తెచ్చి గుడి మెట్ల మీద పెడతారు. బంతి, చామంతి, నందివర్ధనం, కాగితప్పూలు, ఏది ఉంటే అది. స్త్రీల సమాజం వాళ్లు చుట్టూ కూర్చుని, కబుర్లు చెప్పుకుంటూ, మధ్యలో పాట పాడుకుంటూ, పసుపు పక్కన గులాబీ రంగు, దాని పక్కన నారింజ, ఒక వావీ వరసా లేకుండా కట్టి పారేస్తారు. పాస్టర్‌గారి ముందుండే బల్ల మీద మాత్రం మందారాలే ఉండాలి. అవి గుడి గోడ పక్కింట్లో ఉండే మామ్మవి. ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, మందారాల మామ్మ అంటే చాలు. పెళ్లి తంతు అయ్యాక పెళ్లికూతురు ఆ బల్ల మీంచి ఒక మందారం తీసి తలలో పెట్టుకుని గుడి బయటికి నడుస్తుంది. ఇది బైబిల్లో రాసున్నది కాదు, ఆ ఊళ్లో ఎప్పుడు మొదలైందో కూడా తెలియదు, అంతే. పెద్దమ్మ పొలానికి పోతే మా అక్కని ఆ మందార చెట్టు నీడలో ఉయ్యాల్లో వేసి ఊపి పెంచింది ఆవిడే.

పెళ్లికొడుకు వాళ్లది గన్నవరం. కాబోయే అత్తగారు ఒకరోజు ఫోన్లో మాట్లాడుతూ, "ఇప్పుడందరూ లావెండర్ రంగే పెడుతున్నారండీ, మొన్న మా ఆడపడుచు కూతురి పెళ్లిలో కూడా అదే" అన్నారట. ఆవిడ ఏదో మాటవరసకి అన్నారు. పెద్దమ్మ కూడా ఊరికే నాతో చెప్పింది. నేను మాత్రం అదేదో పై నుంచి నాకొచ్చిన పిలుపులా తీసుకున్నాను. పసుపూ నారింజా కలిపి కట్టిన ఆ దండల్ని గన్నవరం వాళ్లు చూస్తే మా పరువేం కావాలని పెద్దమ్మని భయపెట్టాను. గుడి అలంకరణంతా నాకు వదిలేయమన్నాను. పెద్దమ్మకి నేను చేసే ఉద్యోగం మీద గౌరవం. "నీకు తెలిసినంత మాకేం తెలుసే, నువ్వెట్టా అంటే అట్టా" అంది. ఆ మాటతో నాకు రెక్కలొచ్చాయి. పెళ్లికి ముందు ఇంటింటికీ వెళ్లి, ఈసారి ఎవరూ పూలు తేవద్దనీ, అంతా ఒకే రంగులో ఉండాలనీ చెప్పొచ్చాను. చామంతులు వేసిన వాళ్లూ, బంతులు వేసిన వాళ్లూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు గానీ, పట్నం పిల్ల చెబుతోంది కదా అని ఊరుకున్నారు.

మామ్మ దగ్గరికి వెళ్లేసరికి ఆవిడ చెట్టు మొదట్లో ఎండాకులు ఏరుతోంది. పాదు చేసి నీళ్లు పోసి ఉంది. అది పెళ్లి కోసమేనని ఎవరికైనా తెలుస్తుంది, నాకు తప్ప.

"మామ్మా, ఎల్లుండి మీరు పూలు తేకండి."

"ఏమ్మా, ఎందుకని?"

"థీమ్ లావెండర్ మామ్మా. ఎరుపు కలవదు."

"అదేం రంగమ్మా?"

"లావెండర్ అంటే... వంకాయ రంగు లేదూ, అది బాగా వెలిసిపోతే ఎలా ఉంటుందో అలా."

"వెలిసిపోయిన వంకాయా." ఆవిడ చేతిలోని ఎండాకుని తిప్పి చూసింది. "సరేలే అమ్మడూ. అక్క పెళ్లి బాగా జరగాల, అంతేగా." అని మళ్లీ ఆకులేరుకుంది. నేను థీమ్ అంటే ఏమిటో ఇంకా వివరంగా చెబుదామనుకున్నాను గానీ ఆవిడ అడగలేదు.

ఊరందరికీ పూలొద్దని చెప్పొచ్చాక నాకు గుర్తొచ్చిన సంగతేమిటంటే, లావెండర్ పూలు ఎక్కడి నుంచి వస్తాయో నేను కనుక్కోలేదు. విజయవాడ పూల మార్కెట్‌కి ఫోన్ చేస్తే అతను, "అవి బెంగుళూరు నుంచి రావాలండి, వారం ముందే చెప్పాలి. చామంతులున్నాయి, వెయ్యమంటారా?" అన్నాడు. చామంతుల వాళ్లని వద్దని వచ్చిన నోటితో వెయ్యమని ఎలా అనను? ఎవరితో చెప్పుకోవాలో తెలియక కాలువ గట్టు మీద నడుస్తూ వెళ్లాను. అక్కడ, పెదనాన్న పొలం పక్క, కాలువ నిండా, నీళ్లు కనపడకుండా, లావెండర్. అచ్చంగా నా ఫోన్‌లోని బొమ్మల్లో ఉన్న లావెండర్. ప్రతి పువ్వులోనూ పై రేక మీద నెమలికన్ను లాంటి మచ్చ, దాని మధ్యలో పసుపు బొట్టు. అది గుర్రపుడెక్క అని నాకు తెలియక కాదు. బందరు కాలువలో, ఏలూరు కాలువలో చిన్నప్పటి నుంచి బస్సు కిటికీలోంచి చూస్తున్నదే. కాకపోతే ఇన్నాళ్లూ దాన్ని చెత్తగా చూశాను, ఆ సాయంత్రం రంగుగా చూశాను. (ఆ మొక్క మన దేశానిది కాదట. ఎక్కడో సముద్రాల అవతల పుట్టినదాన్ని, పువ్వు బాగుందని ఎవరో మురిసిపోయి తెచ్చుకున్నారట. ఆ మొదటి మనిషిది కూడా అచ్చం నా తెలివే అయ్యుంటుంది.)

పెళ్లిరోజు పొద్దున్నే పెదనాన్న ట్రాక్టర్‌కి ట్రాలీ కట్టించుకుని, పెద్దమ్మ బంధువుల కుర్రాళ్లని వెంటేసుకుని కాలువ మీద పడ్డాను. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. ఒకాయన సైకిల్ దిగి, "ఏంటమ్మా, ఎరువుకా?" అనడిగాడు. "కాదండీ, పెళ్లికి" అన్నాను. ఆయన మళ్లీ సైకిలెక్కాడు గానీ చాలా దూరం వెనక్కి చూసుకుంటూనే వెళ్లాడు. అందరిలోకీ సంతోషించిన మనిషి పెదనాన్న ఒక్కడే. ఆ డెక్క అడ్డం పడి ఆయన పొలానికి నీళ్లు సరిగ్గా ఎక్కక, తీయించమని ఎన్నిసార్లు తిరిగినా ఎవరూ పట్టించుకోలేదట. పెళ్లి బట్టల్లోనే గట్టు మీద నిలబడి, "అదిగో, ఆ తూము దగ్గర ఇంకా బాగున్నాయి చూడమ్మా. అవీ లాగండి. పెళ్లికి తక్కువ చెయ్యకూడదు" అని పురమాయించాడు. ఆయన కళ్లలో అంత ఆనందం కూతురి పెళ్లి వల్లేననుకున్నాను.

మొక్కకి మొక్కే తెచ్చి గుడిలో మధ్యదారికి రెండు వైపులా పేర్చాను, మెరిసే గుండ్రటి ఆకులతో సహా. నల్లటి జడకుచ్చుల్లాంటి వేళ్లు కనపడకుండా తెల్ల గుడ్డ కప్పాను. పూల కాడలు తెంపి గుమ్మానికి కట్టిన వెదురు ఆర్చి నిండా గుచ్చాను. బల్ల మీద రాశిగా పోశాను. అక్క చేతికి గుత్తి కూడా వాటితోనే కట్టాను. మిగిలినవి వాడిపోకుండా గుడి వెనక బాప్తిస్మం తొట్టిలో వేయించాను. అన్నీ అయ్యాక గుమ్మంలో నిలబడి చూస్తే, ఏం చెప్పను, నిజంగా బాగుంది. పెద్దమ్మ లోపలికొచ్చి నోరు తెరుచుకుని ఉండిపోయింది. పాస్టర్‌గారు కళ్లజోడు సవరించుకుని, "ఇవి మన కాలువలోవేనా?" అన్నారు. నేను ఫోటోలు తీసి మా మేడమ్‌గారికి పంపాను. నా జీవితంలో అంత గర్వంగా ఉన్న అరగంట మళ్లీ రాలేదు.

గన్నవరం నుంచి రావలసిన పెళ్లికొడుకు వాళ్ల బస్సు దారిలో టైరు పంక్చరై ఆగిపోయిందని ఫోనొచ్చింది. ఎండ ఎక్కింది. గుడి రేకుల కప్పు వేడెక్కింది. మొదట ఆర్చి మీద పువ్వొకటి నీళ్లలో నానిన కాగితంలా కాడకి అంటుకుపోయింది. తీసేసి పక్కదాన్ని సర్దాను. పక్కది కూడా అంటుకుంది. నేను సర్దుతున్న కొద్దీ వాడుతున్నాయి, వాడుతున్న కొద్దీ సర్దుతున్నాను. ఆ తరవాత వాసన మొదలైంది. ఆ వాసన మాకు కొత్తదేం కాదు, కాలువ కట్టేసినప్పుడు బురద తేలితే వచ్చేదే. కానీ గుడిలో, పౌడర్లూ సెంట్లూ కొట్టుకున్న జనం మధ్య అది తన పరిచయం తానే చేసుకుంటూ తిరిగింది. పెళ్లికొడుకు వాళ్లు దిగేసరికి ఆ గుడిలో ఒక్క పువ్వు కూడా తలెత్తుకుని లేదు.

పాస్టర్‌గారు మంచి మనిషి, కాస్త హాస్యం కూడా ఉంది. ప్రార్థనకి ముందు, "అందరం తలలు వంచుదాం" అని, అటూ ఇటూ చూసి, "పూలు మనకంటే ముందే వంచాయి" అన్నారు. గన్నవరం వైపు వాళ్లు నవ్వారు. నేను తల వంచాను. నిజం చెప్పాలంటే పెళ్లయ్యేదాకా పెద్దగా ఎత్తలేదు, కాబట్టి మిగతాదంతా నేను ఎక్కువగా విన్నదే. ముందు వరస కుర్చీలో కూర్చున్న అత్తగారి దగ్గర చిన్న అలికిడి వినిపించింది. తెల్ల గుడ్డ కింద నుంచి ఒక కప్పపిల్ల బయటికొచ్చి, ఆవిడ పట్టుచీర ఒళ్లో కూర్చుంది. ఆవిడ అరవలేదు, లేవలేదు. చేతిరుమాలుతో దాన్ని ఒడిసి పట్టుకుని, పక్కకి వంగి, మా పెద్దమ్మతో మెల్లిగా, "వదినగారూ, ఇది మీ వాళ్లదేనా అండీ?" అన్నారు. అంత మర్యాద చూపించకుండా నాలుగు తిట్టినా బాగుండేదని పెద్దమ్మ తరవాత చాలా ఏళ్లు అంది. ఆ తరవాత నత్తలు బయల్దేరాయి. అవి పాపం వాటి దారిన అవి మధ్యదారి దాటుకుంటూ పోయాయి.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. అక్క ప్రమాణం చేసేటప్పుడు భయంతో చేతిలోని గుత్తిని గట్టిగా పట్టుకుంది. గుర్రపుడెక్క కాడ లోపలంతా బూరుగు దూదిలా మెత్తగా, నీళ్లు పీల్చుకుని ఉంటుంది. "స్వీకరిస్తున్నాను" అని అక్క అన్న ఆ క్షణంలోనే ఆ కాడల్లోంచి పచ్చటి నీళ్లు బొటబొటా కారి, పెద్దమ్మ ఎక్కడెక్కడో తిరిగి కొన్న తెల్లచీర కుచ్చిళ్ల మీద పడ్డాయి. బావ జేబురుమాలు తీసి అద్దబోయాడు. అద్దినకొద్దీ మరక పెద్దదైంది. అప్పుడొక్కసారి తలెత్తి అక్క మొహం చూశాను. ఏడవకూడదని పెదవి కొరుక్కుంటోంది. ఆ పెదవిని చూశాక అప్పటిదాకా నేను పడింది సిగ్గే కాదనిపించింది.

ఉంగరాలయ్యాయి, తాళి అయ్యింది, ఆశీర్వాదమయ్యింది. అక్క అలవాటుగా బల్ల మీదికి చెయ్యి చాచింది. ఈ అలవాటు సంగతి నాకు తెలుసు. ఎన్ని పెళ్లిళ్లలో చూడలేదు? కానీ లావెండర్ ధ్యాసలో నా బుర్రలో దానికి చోటు లేకపోయింది. అక్క చేతికి జిగురు జిగురుగా ఏదో తగిలింది. చెయ్యి వెనక్కి తీసుకుని, తిరిగి, ఆడవాళ్లు కూర్చున్న చాపల వైపు చూసింది.

"మామ్మా, మందారాలేవి?"

మామ్మ చాప మీద నుంచే చెప్పింది. "చెట్టునే ఉన్నాయమ్మా. చెల్లి తేవద్దంది. రంగు కలవదంట."

ఆ మాటలో నిష్ఠూరం ఉంటే బతికిపోయేదాన్ని. లేదు. అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే. జనమంతా ఒక్కసారిగా నా వైపు తిరిగారు. చామంతుల వాళ్లూ, బంతుల వాళ్లూ, మొన్న మొహాలు చూసుకున్న వాళ్లందరూ. ఆ క్షణాన నేల చీలితే నేను ఏమీ ఆలోచించకుండా లోపలికి దిగిపోయేదాన్ని. పెద్దమ్మ నా వైపు చూడలేదు. అదింకా కష్టంగా ఉంది.

అక్క మరక పడిన కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో బావ చెయ్యి పట్టుకుని, గుడి బయటికి నడిచి, నేరుగా మామ్మ పెరట్లోకి వెళ్లింది. పెళ్లంతా ఆ వెనకే వెళ్లింది. పాస్టర్‌గారు కూడా. అక్క చెట్టు దగ్గర నిలబడి, "నువ్వు పెట్టు మామ్మా" అంది. మామ్మ తడబడుతూ అన్నిట్లోకీ పెద్ద మందారం కోసి అక్క తలలో పెట్టింది. ఇదంతా నేను చూడలేదు, ఫోటోలో చూశాను. అక్క పెళ్లి ఫోటోల్లో అందరూ బాగుందనే ఫోటో అదే. ఎర్రటి మందార చెట్టు, దాని ముందు అక్కా బావా, మధ్యలో కళ్లు తుడుచుకుంటున్న మామ్మ. జాగ్రత్తగా చూస్తే వెనకాల గుడి కిటికీలో గంప నెత్తిన పెట్టుకున్న ఒక మనిషి కనపడుతుంది. అది నేను, డెక్క ఎత్తిపోస్తున్నాను.

సాయంత్రం భోజనాల హడావుడి తగ్గాక మామ్మ ఇంటికి వెళ్లాను. ఏదో అనాలని వెళ్లి, గుమ్మంలో నిలబడి చెప్పులు విప్పుతూ తొడుగుతూ ఉన్నాను. ఆవిడే లోపలికి పిలిచి టీ ఇచ్చింది. "దానికేముందే అమ్మడూ, పూలు రేపు మళ్లీ పూస్తాయి" అంది. అక్క పెళ్లి మళ్లీ రాదన్న మాట ఆవిడ అనలేదు. అది నాకే వినపడింది. టీ గ్లాసు పట్టుకుని చాలాసేపు ఏడ్చాను. ఆవిడ నా వీపు మీద చెయ్యి వేసి, "ఇంతకీ ఆ రంగు బానే ఉందిలే, పొద్దున" అంది. ఓదార్పుకే అని ఉంటుంది.

తరవాతి అవమానాలు చిన్నవి. మా మేడమ్‌గారు నేను పంపిన ఫోటోలు చూసి, "బ్రహ్మాండంగా ఉంది, ఏం పూలివి?" అనడిగితే నిజం చెప్పాను. ఆవిడ, "అక్కడ మన ఆఫీసు పేరేమీ చెప్పలేదు కదా?" అన్నారు. మళ్లీ బెలూన్లకి వచ్చాను. బాప్తిస్మం తొట్టిలో వేయించిన డెక్క సంగతి నేను మరిచిపోయాను గానీ అది మరిచిపోలేదు, క్రిస్మస్‌కి తొట్టి నిండి అంచు దాటింది. బాప్తిస్మం తీసుకోవలసిన వాళ్లని నిలబెట్టి, యూత్ వాళ్లు చొక్కాలు విప్పి దాన్ని తోడవలసి వచ్చింది. పాస్టర్‌గారు నాకు ఫోన్ చేసి, "అమ్మా, మీ అక్క పెళ్లి పూలు ఇంకా తాజాగానే ఉన్నాయి" అన్నారు. ఆ ఊళ్లో నా పేరు గుర్రపుడెక్క డెకరేషన్ అని స్థిరపడింది. కాలువ మాత్రం ఆ పంటకి శుభ్రంగా పారిందని పెదనాన్న ఇప్పటికీ నన్ను మెచ్చుకుంటాడు.

కొన్నేళ్లకి నా పెళ్లి కూడా ఆ గుడిలోనే జరిగింది. నేనే అడిగాను. ముందురోజు ఇంటింటికీ వెళ్లి, మీ పెరట్లో ఏది ఉంటే అది తెండి అని చెప్పొచ్చాను. బంతి పక్కన గులాబీ రంగు, దాని పక్కన నారింజ, మెట్ల మీద కుప్పలు పోశారు. ఎంత బాగుందో చెప్పలేను. మామ్మ అప్పటికి బాగా వంగిపోయింది. మందారాల పళ్లెం ఆవిడే మోసుకొచ్చి బల్ల మీద పెట్టింది. దాని పక్కనే ఒక స్టీలు బేసిన్‌లో నీళ్లు, ఆ నీళ్లలో వేళ్లతో సహా ఒకే ఒక్క గుర్రపుడెక్క మొక్క, పువ్వుతో.

"మామ్మా, ఇదెందుకు?"

"నీ రంగు గదమ్మా అది. అక్కకి పెట్టి నీకు పెట్టకపోతే ఎట్టా?" అంది ఆవిడ, మొహంలో ఏమాత్రం నవ్వు లేకుండా. పక్కనున్న పెద్దమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది.

ఆశీర్వాదమయ్యాక నేను బల్ల మీంచి మందారం తీసి తలలో పెట్టుకున్నాను. ఇంక అయిపోయిందనుకుంటుండగా మామ్మ కర్ర పొడుచుకుంటూ లేచొచ్చి, బేసిన్‌లోంచి ఆ ఊదా పువ్వు తుంచి, నా రెండో చెవి వెనక పెట్టింది. పెట్టాక నవ్వింది. అంతకుముందు ఆవిడ అంత గట్టిగా నవ్వడం ఆ గుడిలో ఎవరూ వినలేదట. గుమ్మం దాటేలోపే ఆ పువ్వు నా చెవి మీదికి వాలి, దాని నీళ్లు నా మెడ మీదుగా జాకెట్‌లోకి కారాయి. నా పెళ్లి ఫోటోలన్నిట్లోనూ ఒక పక్క మందారం నిగనిగలాడుతూ ఉంటుంది, ఇంకో పక్క ఏదో తడిగుడ్డ పీలిక వేలాడుతూ ఉంటుంది.

ఇప్పుడు మామ్మ లేదు, చెట్టు ఉంది. ఆ ఫోటో మా హాల్లో ఉంది. చూసినప్పుడల్లా ట్రాలీ మీద నిలబడి ఊరందరికీ అందం గురించి చెబుతున్న ఆ బెలూన్ల పిల్ల గుర్తొస్తుంది. సిగ్గేస్తుంది, ఆ సిగ్గులోనే నవ్వొస్తుంది, పాపం దానికి ఎంత నమ్మకమో అనిపిస్తుంది. ఇంటికొచ్చిన వాళ్లు ఆ వేలాడేదేమిటని అడుగుతారు. మా ఆయన నా మొహం చూసి, ఏదో లావెండర్ పువ్వని సర్దిచెప్పబోతాడు. నేను అడ్డుపడి, గుర్రపుడెక్క అని చెబుతాను.